ఐదుగురూ వెళ్లిపోయాక: వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు గోడను మళ్లీ ఎలా కట్టింది?

2024 జనవరి 8. హ్యూస్టన్‌లోని ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. అప్పటికి ఆడిన 14 మ్యాచ్‌లూ గెలిచి వచ్చిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయం జట్టు, మిషిగన్ చేతిలో 34-13 తేడాతో ఓడింది. ఓటమి బాధించేదే అయినా, దేశంలో రెండో స్థానమంటే ఏ కాలేజీకైనా గొప్పే. అసలు దెబ్బ ఆ తర్వాతి ఆరు రోజుల్లో తగిలింది.

జనవరి 10న అలబామా విశ్వవిద్యాలయం కోచ్ నిక్ సేబన్ పదవీ విరమణ ప్రకటించారు. జనవరి 12న ఆ ఖాళీలోకి వాషింగ్టన్ కోచ్ కేలెన్ డిబోర్ వెళ్లిపోయారు. జనవరి 14న ఆయన స్థానంలోకి అరిజోనా విశ్వవిద్యాలయం నుంచి జెడ్ ఫిష్ వచ్చారు. ఎక్కడో ఒక పెద్దాయన రిటైరైతే దాని ప్రకంపనలు నాలుగైదు కాలేజీల వరకు పాకాయి. ఫిష్ ఖాళీ చేసిన అరిజోనా కుర్చీని శాన్ హోజే స్టేట్ కోచ్ భర్తీ చేశారు. శాన్ హోజే మరొకరిని వెతుక్కుంది.

ఈ కుర్చీలాటలో పతాక శీర్షికలన్నీ కోచ్‌ల గురించీ, వారి జీతాల గురించీ వచ్చాయి. జట్టుకు జరిగిన అతి పెద్ద నష్టం మాత్రం మరొకటి. దేశంలోకెల్లా మేటిదని పేరు తెచ్చుకున్న వాషింగ్టన్ అఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురు ప్రధాన ఆటగాళ్లలో ఒక్కరు కూడా మిగల్లేదు. కొత్త కోచ్ చేతికి వచ్చింది కట్టిన ఇల్లు కాదు, పునాది వరకు తవ్వేసిన స్థలం.

ఎవరీ ఐదుగురు?

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. సియాటిల్ పక్కన రెడ్మండ్, బెల్‌వ్యూలలో స్థిరపడిన తెలుగువారికి ఊదా, బంగారు రంగుల వాషింగ్టన్ జెర్సీ పరిచయమే కావచ్చు. అయితే ఆట చూసేవారిలోనూ చాలామంది కళ్లు బంతి వెంటే తిరుగుతాయి. బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్, అందుకునే రిసీవర్, పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ హీరోలు. వారికి ముందు వరుసగా నిలబడే ఐదుగురు భారీకాయులే అఫెన్సివ్ లైన్.

నడుమ ఉండేవాడు సెంటర్. బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేది అతడే. అలా అందించడాన్ని స్నాప్ అంటారు. అతడికి చెరోపక్కా ఉండేవారు గార్డులు. వారికి అవతల, రెండు చివర్లలో నిలబడేవారు టాకిల్స్. సాధారణంగా వీరి జెర్సీ నంబర్లు 50 నుంచి 79 మధ్య ఉంటాయి. ఆ నంబరు వేసుకున్నవాడు ముందుకు విసిరిన పాస్‌ను అందుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. సెంటర్‌ను మినహాయిస్తే, బంతిని తాకే అవకాశమే దాదాపు లేని ఆటగాళ్లు వీరు. ఎదుటి జట్టువాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా రెండున్నర, మూడు సెకన్లు ఆపడం, పరుగెత్తేవాడికి దారి తెరవడం వీరి పని. పొరపాటున ప్రత్యర్థి చొక్కా పట్టి లాగితే జట్టుకు 10 గజాల శిక్ష పడుతుంది. లైన్‌మన్ పేరు మైకులో ఎక్కువగా వినిపించేది అప్పుడే.

చెడుగుడు తెలిసినవారికి ఈ పని అర్థం చేసుకోవడం తేలిక. రైడర్ కూతకు వచ్చినప్పుడు డిఫెండర్లు చేతులు పట్టుకుని గొలుసుగా కదులుతారు. అందులో ఒక్కడు అరడుగు ముందుకు తూలినా, పక్కవాడు వెనకబడినా గొలుసు తెగి రైడర్‌కు సందు దొరుకుతుంది. నలుగురు బలంగా ఉండి ఐదోవాడు తడబడితే ఆ నలుగురి బలమూ వృథానే. అఫెన్సివ్ లైన్ పరిస్థితీ అదే. ఐదుగురు మంచి ఆటగాళ్లను పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన మంచి లైన్ తయారు కాదు.

అందుకే వీరికిచ్చే అవార్డు కూడా విచిత్రంగా ఉంటుంది. 2015 నుంచి ఏటా ఇస్తున్న జో మూర్ అవార్డు ఏ ఒక్క ఆటగాడికీ దక్కదు, మొత్తం లైన్‌కే ఇస్తారు. 2021, 2022లలో దాన్ని మిషిగన్ గెలుచుకుంది. 2023లో వాషింగ్టన్ గెలుచుకుంది. హ్యూస్టన్ ఫైనల్ ఒకరకంగా ఆ రెండు గోడల మధ్య పోరు.

ఆ గోడ లేవడానికి ఎంతకాలం పట్టింది?

2023 లైన్ ఒక్క ఏడాదిలో తయారైంది కాదు. ఎడమ టాకిల్ ట్రాయ్ ఫౌటాను, గార్డులు నేట్ కలేపో, జూలియస్ బ్యూలో 2019లో కాలేజీలో చేరిన బ్యాచ్‌వారు. కుడి టాకిల్ రోజర్ రోజెన్‌గార్టెన్ 2020లో వచ్చాడు. సెంటర్ పార్కర్ బ్రెయిల్స్‌ఫర్డ్ ఒక్కడే వారికంటే చిన్నవాడు. హైస్కూలు నుంచి వచ్చే కుర్రాడు ఎంత ఎత్తరి అయినా, 140 కిలోల ప్రత్యర్థిని ఆపే శరీరం అతడికి ఉండదు. తిండి, వ్యాయామం, పాదాల కదలిక, చేతులు ఎక్కడ మోపాలన్న మెళకువ, ఇవన్నీ ఒంటబట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మొదటి ఏడాదే నిలదొక్కుకునే రన్నింగ్ బ్యాక్‌లు ఉంటారు. లైన్‌మన్‌లలో అలాంటివారు అరుదు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. ఈ బ్యాచ్ పెరుగుతున్న కాలంలో వాషింగ్టన్ ప్రశాంతంగా ఏమీ లేదు. 2019 సీజన్ తర్వాత హెడ్ కోచ్ క్రిస్ పీటర్సన్ తప్పుకున్నారు. తర్వాత వచ్చిన జిమ్మీ లేక్‌ను 2021లో మధ్యలోనే తొలగించారు. ఆ ఏడాది జట్టు 4 గెలిచి 8 ఓడింది. అప్పుడు వచ్చినవారే డిబోర్. 2022లో 11 విజయాలు, 2 ఓటములు. 2023లో 14 విజయాలు, ఒకే ఓటమి. నాలుగేళ్లలో ముగ్గురు హెడ్ కోచ్‌లు మారారు. మారనిది లైన్ కోచ్ ఒక్కరే. 2017లో వచ్చిన స్కాట్ హఫ్‌ను పీటర్సన్ తర్వాత లేక్ ఉంచుకున్నారు, లేక్ తర్వాత డిబోర్ కూడా ఉంచుకున్నారు. పైన యజమాని మారినా మేస్త్రీ మారలేదు. కుర్రాళ్లు నేర్చుకున్నదాన్ని మరిచిపోయి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన అవసరం పడలేదు.

దాని ఫలితం క్వార్టర్‌బ్యాక్ మైఖేల్ పెనిక్స్ జూనియర్ లెక్కల్లో కనిపిస్తుంది. అంతకుముందు ఇండియానాలో ఉండగా నాలుగు సీజన్లు వరసగా గాయాలతో ముగించిన ఆటగాడతడు. వాషింగ్టన్‌లో రెండేళ్లపాటు పూర్తి సీజన్లు ఆడాడు. 2023లో పాస్‌ల ద్వారా 4,903 గజాలు సాధించి దేశంలో మొదటి స్థానంలో నిలిచాడు. అతడి ఎడమచేతి సత్తాను తక్కువ చేయనక్కర్లేదు గానీ, ఆ చేతికి కావలసిన సమయాన్ని సంపాదించి పెట్టింది ముందున్న ఐదుగురే.

ఒక్కసారిగా ఖాళీ

2024లో ఆ మేస్త్రీ కూడా వెళ్లిపోయాడు. హఫ్ అదే నగరంలోని ప్రొఫెషనల్ జట్టు సియాటిల్ సీహాక్స్‌లో లైన్ కోచ్‌గా చేరారు. ఆటగాళ్ల విషయానికొస్తే, ఫౌటాను, రోజెన్‌గార్టెన్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు వెళ్లారు. ఫౌటానును 20వ ఎంపికగా పిట్స్‌బర్గ్, రోజెన్‌గార్టెన్‌ను 62వ ఎంపికగా బాల్టిమోర్ తీసుకున్నాయి. బ్రెయిల్స్‌ఫర్డ్ డిబోర్ వెంట అలబామా చేరాడు. కలేపో, బ్యూలో ఇద్దరూ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి మారారు. రిజర్వులో ఉన్న గీరిన్ హాచెట్ ఓక్లహోమాకు వెళ్లాడు. అతడి తమ్ముడు లాండెన్ హాచెట్ ఉండిపోయాడు గానీ, 2023 డిసెంబరు ప్రాక్టీసులో మోకాలు దెబ్బతిని మంచానపడ్డాడు.

ఇంతమంది ఒకేసారి ఎలా వెళ్లగలిగారు? పాత రోజుల్లో కాలేజీ మారిన ఆటగాడు సాధారణంగా ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ నిబంధనను సడలించి ఒకసారి స్వేచ్ఛగా మారే వీలు కల్పించారు. 2024 ఏప్రిల్‌లో ఆ పరిమితీ పోయింది. చదువులో అర్హత నిలుపుకుంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. మారదలచినవారి పేర్లు నమోదయ్యే జాబితానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. హెడ్ కోచ్ వెళ్లిపోతే ఆ జట్టు ఆటగాళ్లకు అప్పట్లో ప్రత్యేకంగా 30 రోజుల గడువు దొరికేది. దీనికి తోడు 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ప్రతిష్ఠల మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చింది. కోచ్ మారినప్పుడల్లా కోట్ల డాలర్ల సంతలో కుర్రాళ్లకు కొత్త బేరాలు వస్తాయి.

ఇందులో ఆటగాళ్లను తప్పుపట్టడానికి లేదు. కోచ్ లక్షల డాలర్ల జీతం పెంచుకుని రాత్రికి రాత్రే వెళ్లిపోగలిగినప్పుడు, ఆయన మాట నమ్మి చేరిన 20 ఏళ్ల కుర్రాడిని మాత్రం కట్టిపడేయడం న్యాయం కాదు. అయితే ఆ స్వేచ్ఛకు అయ్యే ఖర్చు జట్టులోని అన్ని స్థానాల మీదా సమానంగా పడదు. రిసీవర్ వెళ్లిపోతే మరో వేగమైన రిసీవర్‌ను తెచ్చుకోవచ్చు. లైన్ పోతే పోయింది ఐదుగురు ఆటగాళ్లే కాదు, ఆ ఐదుగురి మధ్య ఏళ్ల తరబడి పెరిగిన అవగాహన కూడా.

కొత్త కోచ్ వస్తే ఏం మారుతుంది?

ఫిష్ తనతోపాటు అరిజోనా నుంచి బ్రెన్నన్ కారల్‌ను తెచ్చుకున్నారు. లైన్ కోచింగ్‌తోపాటు అఫెన్స్ బాధ్యత మొత్తం ఆయనదే. ఆయన అనుభవం లేనివారేం కాదు. అరిజోనా 2021లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు. 2023 నాటికి 10 గెలిచే స్థాయికి ఎదిగింది. అక్కడ ఆయన శిష్యుడు, టాకిల్ జోర్డన్ మోర్గన్‌ను 2024 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే గ్రీన్‌బే తీసుకుంది.

కానీ కోచ్ ఎంత మంచివాడైనా భాష మార్చక తప్పదు. ప్రతి లైన్‌కూ తనదైన సంకేత భాష ఉంటుంది. బంతి కదలకముందే సెంటర్ ఎదుటివారి అమరిక చూసి, రక్షణను ఎటువైపు జరపాలో ఒకటి రెండు మాటల్లో అరిచి చెబుతాడు. గార్డు ఆ మాటను టాకిల్‌కు చేరవేస్తాడు. ఎదుటి ఇద్దరు డిఫెండర్లు మధ్యలో ఒకరి దారిలోకి ఒకరు అడ్డంగా మారితే, ఎవరి మనిషిని ఎవరు వదలాలి, ఎవరిని అందుకోవాలి అన్నది అరక్షణంలో తేలాలి. ఆలోచించే వ్యవధి ఉండదు. అలవాటు మీదే జరగాలి. కొత్త కోచ్ వస్తే మాటలు మారతాయి. అడుగు ముందు వేయాలా, వెనక్కి జారాలా అన్న పద్ధతి మారుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని కాకుండా తన వంతు స్థలాన్ని కాచుకునే జోన్ పద్ధతా, పక్కనుంచి మరొకణ్ని లాక్కొచ్చి దారి తెరిచే గ్యాప్ పద్ధతా అన్నదీ మారుతుంది.

ఇదంతా నేర్పడానికి దొరికే సమయం కొంచెమే. వసంతకాలంలో అనుమతించే ప్రాక్టీసులు 15. తర్వాత ఆగస్టులో కొన్ని వారాల శిబిరం. ఆపైన మ్యాచ్‌లే. అందులోనూ పోర్టల్ ద్వారా వేసవిలో వచ్చి చేరినవారికి ఆ 15 రోజులూ ఉండవు. వాషింగ్టన్ 2024 లైన్‌లో కుడి టాకిల్ డ్రూ అజోపార్డి శాన్ డియేగో స్టేట్ నుంచి, ఎనోక్ విమాహీ ఒహాయో స్టేట్ నుంచి, సెంటర్ డాంజలో టిటియాలీ చిన్న స్థాయి కాలేజీ పోర్ట్‌లాండ్ స్టేట్ నుంచి వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో గురువు దగ్గర, ఒక్కో యాసలో ఆట నేర్చుకున్నవారు.

సొంత ఊళ్లో పులి, పరాయి ఊళ్లో...

సరిగ్గా అదే ఏడాది వాషింగ్టన్ పాత పసిఫిక్ కూటమిని వదిలి, కఠినమైన బిగ్ టెన్ కూటమిలోకి అడుగుపెట్టింది. సీజన్ ఫలితాలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సొంత మైదానం హస్కీ స్టేడియంలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచింది. ఫైనల్లో తమను ఓడించిన మిషిగన్‌ను అక్కడే 27-17తో ఓడించింది. ఆ స్టేడియం బయట ఆడిన ఏడింటిలో ఒక్కటీ గెలవలేదు. మొత్తం 6 విజయాలు, 7 ఓటములు.

దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. ప్రయాణ దూరాలు, ప్రత్యర్థుల బలం, అనుభవం లేని కుర్రాళ్లు. అయితే కొత్తగా కూడిన లైన్‌కు పరాయి మైదానం ఎందుకు అదనపు పరీక్షో తెలుసుకోవాలి. సొంత జట్టు దాడి చేస్తున్నప్పుడు ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉంటారు. పరాయి జట్టు దాడి చేస్తుంటే గొంతు చించుకుంటారు. వేలాది మంది హోరులో సెంటర్ అరుపు పక్కనున్న గార్డుకే వినపడదు, చివరనున్న టాకిల్‌కు ఎలా వినపడుతుంది? అప్పుడు మాటలకు బదులు సైగలతో, తల ఊపడంతో, చేతి తాకిడితో ఆట మొదలుపెట్టాలి. ఎదుటివాడు బంతి కదలగానే దూకుతాడు. టాకిల్ తల తిప్పి బంతిని చూసి కదిలేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఏళ్లుగా కలిసి ఆడినవారు ఆ రెప్పపాటును అలవాటుతో పూడ్చుకుంటారు. నిన్న మొన్న కలిసినవారికి అది కష్టం.

నవంబరు 30న ఒరెగాన్‌లో జరిగిన మ్యాచ్ అందుకు సాక్ష్యం. వాషింగ్టన్ 49-21తో ఓడింది. పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని సాక్ అంటారు. ఆ ఒక్క రోజు ఒరెగాన్ 10 సాక్‌లు చేసింది. ఏడాదంతా కలిపి డజను సాక్‌లు ఇవ్వడమే ఎక్కువన్నట్టు ఆడిన 2023 లైన్‌ను చూసినవారికి అది మింగుడుపడలేదు. ఆ దెబ్బలు తిన్నది ప్రధానంగా డెమాండ్ విలియమ్స్ జూనియర్, కాలేజీలో చేరి ఏడాది కూడా నిండని కుర్రాడు.

సంతలో దొరికేది, దొరకనిది

పోర్టల్‌లో కొనుక్కుని లైన్‌ను బాగుచేసుకోలేమా అన్న ప్రశ్నకు కొలరాడో విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. 2023లో డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చి జట్టు మొత్తాన్ని దాదాపు మార్చేశారు. ఆ ఏడాది లైన్ 56 సాక్‌లు ఇచ్చింది. కోచ్ కొడుకే అయిన క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ వెన్నెముకలో చీలిక వచ్చి సీజన్ ముగించాడు. జట్టు 4 గెలిచి 8 ఓడింది. మరుసటి ఏడాదికి లైన్ కోచ్‌ను మార్చి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన ఫిల్ లోడ్‌హోల్ట్‌ను తెచ్చారు. పోర్టల్ నుంచి అరడజను మందిని దింపారు. హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన జోర్డన్ సీటన్‌కు ఎడమ టాకిల్ బాధ్యత ఇచ్చారు.

2024లో సాక్‌లు 43కు తగ్గాయి. విజయాలు 9కి పెరిగాయి. అంటే డబ్బు, పేరు కలిస్తే ఏడాదిలో కొంత మరమ్మతు సాధ్యమే. కానీ పరుగుల ఆటలో కొలరాడో రెండేళ్లూ దేశంలో అట్టడుగునే ఉంది. పాస్ కాపాడటంలో ఒక్కో మనిషి సత్తా కొంతవరకు పనికొస్తుంది. పరుగుకు దారి తెరవడంలో ఐదుగురూ ఒకే అడుగు, ఒకే కోణంలో వేయాలి. మొదటిది కొంతవరకు కొనుక్కోవచ్చు. రెండోది పండించుకోవాల్సిందే.

వాషింగ్టన్ 2025లో ఈ రెండు దారులనూ కలిపింది. కాన్సస్ స్టేట్ నుంచి కార్వర్ విలిస్‌ను పోర్టల్‌లో తెచ్చుకుంది. హైస్కూలు నుంచి వచ్చిన జాన్ మిల్స్‌కు మొదటి ఏడాదే గార్డుగా అవకాశం ఇచ్చింది. అజోపార్డి రెండో ఏడాదీ కొనసాగాడు. మోకాలు కోలుకున్న లాండెన్ హాచెట్ సెంటర్ అయ్యాడు. ఓక్లహోమా వెళ్లిన అన్న గీరిన్ తిరిగి సొంతగూటికి చేరాడు. పదేపదే దెబ్బలు తిన్న విలియమ్స్ ఏడాది పెద్దవాడై, ఒత్తిడి వస్తే కాళ్లతో తప్పించుకోవడం నేర్చుకున్నాడు. జట్టు 9 గెలిచి 4 ఓడింది. ఈ మధ్యలో కారల్ కూడా తన తండ్రి పీట్ కారల్ కోచ్‌గా ఉన్న లాస్ వేగాస్ రైడర్స్‌కు వెళ్లిపోయారు. మూడు సీజన్లలో వాషింగ్టన్ లైన్‌కు ముగ్గురు గురువులన్నమాట.

లెక్కలోకి రాని మూల్యం

ఇదంతా గెలుపోటముల లెక్క. ఇంకో లెక్క శరీరాలది. లైన్‌మన్‌లు ప్రతి ఆటలోనూ తలతో, భుజంతో ఢీకొంటారు. పెద్ద గాయాలే కాదు, లెక్కకు అందని చిన్న చిన్న తాకిడులూ మెదడు మీద ప్రభావం చూపుతాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మరణానంతరం మెదడు దానం చేసిన 53 మంది కాలేజీ స్థాయి ఆటగాళ్లలో 48 మందికి సీటీఈ అనే మెదడు క్షీణత వ్యాధి కనిపించింది. లక్షణాలున్నవారి కుటుంబాలే ఎక్కువగా దానానికి ముందుకొస్తాయి కాబట్టి ఆ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ వర్తింపజేయలేం. అయినా పట్టించుకోనవసరం లేని సంఖ్య కాదు.

చదువు సంగతీ అంతే. పేరుకు వీరంతా విద్యార్థులు. ఐదేళ్లలో మూడు కాలేజీలు మారిన కుర్రాడికి క్రెడిట్లు అన్నిచోట్లా చెల్లవు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఎంపికయ్యేవారు కొద్దిమందే. మిగిలినవారికి చివరకు మిగిలేది పట్టా, అరిగిన మోకాళ్లే.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు తమ ఆదాయం నుంచి తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు వచ్చింది. దీంతో ప్రతి కోచ్ ముందూ ఒక బడ్జెట్ ప్రశ్న నిలిచింది. క్వార్టర్‌బ్యాక్‌కు ఎంత, అతణ్ని కాపాడేవారికి ఎంత? పోర్టల్ నిబంధనలనూ బిగించారు. ఏడాదికి ఒకే గడువు ఉంచారు. కోచ్ మారితే ఇచ్చే 30 రోజులను 15కు తగ్గించి, కొత్త కోచ్ వచ్చిన ఐదు రోజుల తర్వాత మొదలయ్యేలా చేశారు. కనీసం కొత్తాయనతో ఒకసారి కూర్చుని మాట్లాడాకే కుర్రాడు నిర్ణయం తీసుకుంటాడన్న ఆశ.

ఆ ఆశ ఎంతవరకు ఫలిస్తుందో గానీ, వాషింగ్టన్ అనుభవం కొత్త కోచ్‌లకు ఒక జాగ్రత్త నేర్పుతోంది. పదవి చేపట్టిన రోజు ఎవరైనా మొదట క్వార్టర్‌బ్యాక్‌కు ఫోన్ చేస్తారు. రెండో ఫోన్ పాత లైన్ కోచ్‌కూ, ఆయన పెంచిన ఐదుగురికీ వెళ్లాలి. 2021 చివర్లో వచ్చిన డిబోర్‌కు ఆ లైన్ కోచ్, ఆ ఐదుగురిలో చాలామంది అందుబాటులో ఉన్నారు. రెండేళ్లలో ఫైనల్ చేరారు. 2024లో వచ్చిన ఫిష్‌కు ఆ ఫోన్ ఎత్తేవారే లేరు.